వాపస్ తీసుకున్న చప్పుడు

ఆయన పోయిన కొన్ని నెలలకు అసెంబ్లీ మళ్లీ కూడింది. మొదటి రోజే ఆయన మీద సంతాప తీర్మానం పెట్టారు. భూపాలపల్లిలో మా ఆఫీసు ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగుతూ టీవీలో చూశాను. పొద్దుటి షిఫ్టు దిగిన గని కార్మికులు పక్క బల్ల మీద మిర్చి బజ్జీలు తింటున్నారు. స్పీకర్ కాగితం తీసి చదివారు: "ప్రజా సమస్యలపై ఈ సభలో నిరంతరం గళమెత్తిన నాయకుణ్ని రాష్ట్రం కోల్పోయింది." సభ్యులు లేచారు, తలలు వంచారు, కూర్చున్నారు. తర్వాతి అంశం మొదలైంది.

నాకు టీ పొలమారింది.

"ఏమైంది సారూ? మీకు తెల్సినాయననా?" అని పక్కనున్న కార్మికుడు అడిగాడు.

"తెల్సు. ఆయన ఎమ్మెల్యేగ ఉన్నప్పుడు నేనే పీఏ."

"అసెంబ్లీల బాగ మాట్లాడేటోడా?"

"ఒక్కసారి మాట్లాడిండు," అన్నాను.

ఆయనది నర్సింహులపేట దగ్గర ఒక పల్లె. ఎరువుల దుకాణం నడుపుకునేవాడు. మనిషి పొడుగు, వెడల్పు. గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటే కొత్త దుప్పటి దులిపినట్టు చప్పుడయ్యేది. టికెట్ కోసం ఆయన ఎవరినీ అడగలేదు. నియోజకవర్గంలో ఇద్దరు పెద్ద నాయకులు, ఒకరికి టికెట్ ఇస్తే ఇంకొకరు ఓడిస్తామని పార్టీని బెదిరించారు. ఇద్దరికీ అభ్యంతరం లేని మనిషి కోసం వెతికారు. ఈయన ఆ ఇద్దరితోనూ ఎన్నడూ గొడవ పడలేదు. ఇద్దరిలో ఎవరి పక్కనా గట్టిగా నిలబడనూ లేదు. ఆ ఒక్క అర్హతతో ఎమ్మెల్యే అయ్యాడు.

నన్ను డిప్యుటేషన్ మీద ఆయన దగ్గరికి పంపించారు. మొదటి రోజే నాకు తన పద్ధతి చెప్పాడు. "తమ్మీ, మనది చేతుల పని. నోటి పని జేసెటోళ్లు అండ్ల వేరే ఉన్నరు."

చేతుల పని అంటే బల్ల చరచడం. పార్టీ పెద్దలు మాట్లాడుతున్నప్పుడు ఎక్కడ చరచాలో ఆయనకు బాగా తెలుసు. గొంతు పైకి లేచి ఒక్క క్షణం ఆగగానే రెండు చేతులూ పడేవి. వెనక వరుసలో మిగతావాళ్లు ఆయన్ని చూసి అందుకునేవారు. సమావేశాల రోజుల్లో రాత్రి క్వార్టర్స్‌కు వచ్చి అరచేతులకు జండూబామ్ రాసుకునేవాడు. "ఇయ్యాల బడ్జెట్ గద, జర ఎక్కువైంది," అనేవాడు, పొలంలో కష్టపడి వచ్చినవాడిలా.

బిల్లుల ప్రతులు సంచుల్లో వచ్చేవి. వాటిని విప్పగా నేను చూడలేదు. ఆయన భార్యను మొదట్లో నేను అక్క అని పిలిచేవాణ్ని కాదు గాని, ఇల్లంతా అలాగే పిలుస్తుంటే నాకూ అలవాటైంది. అక్క వాటిని వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచింది. కరెంటు పోతే ఆయన ఒకటి లాగి విసురుకునేవాడు. "ఒక్కసారన్న చదువరాదే అన్నా," అని నేనంటే నవ్వాడు.

"చదివితె అనుమానాలస్తయి తమ్మీ. అనుమానం వస్తె చెయ్యి లేవది."

హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు జనగామలో కారు ఆపించి టీ తాగడం ఆయనకు అలవాటు. అక్కడ ఎవరో ఒకరు అడిగేవారు: "అన్నా, ఏం బిల్లు పాసైంది?"

"మంచిదే పాసైంది," అనేవాడు. ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

నియోజకవర్గంలో ఆయన పేరు 'అయితది సారు'. రోడ్డు, పింఛను, కొడుకు ఉద్యోగం, పక్కింటాయనతో గోడ తగాదా, ఏది చెప్పినా భుజం మీద చెయ్యి వేసి "అయితది, పో" అనేవాడు. కొన్ని అయ్యేవి కూడా. కానివి అడగడానికి మళ్లీ వస్తే మళ్లీ అదే మాట, అంతే ప్రేమగా.

ఎందుకు మాట్లాడడో ఒకసారి జనగామ దగ్గరే, కారులో చెప్పాడు. చదువుకునే రోజుల్లో కోస్తా వైపు ఒక కాలేజీలో చేరాడట. ఏదో ఉపన్యాసాల పోటీలో నిలబడి "గిట్ల" అన్నాడట. హాలంతా నవ్వింది. మళ్లీ "గట్ల" అన్నాడు. ఈసారి జడ్జీలు కూడా నవ్వారు. ఆ సంవత్సరమే చదువు మానేసి ఇంటికి వచ్చేశాడు.

"ఇప్పుడు మన భాషల మాట్లాడితె ఎవ్వలు నవ్వుతరన్నా? అందరు గట్లనే మాట్లాడుతున్నరు," అన్నాను.

"గది నాకు తెల్సు. నా చెవులకు తెల్వదు. మైకు జూస్తె గా నవ్వే ఇనవడతది."

ఇలా ఐదేళ్లూ గడిచిపోయేవే, సక్రి రాకపోతే.

సక్రి మానుకోట వైపు ఒక తండా మనిషి. అరవై దాటి ఉంటుంది. మోచేతుల దాకా గాజులు, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న కర్ర. తండాలో అమ్మను యాడి అంటారు. అందరూ ఆమెను అలాగే పిలిచేవారు, ఆయన కూడా. ఒక పొద్దున పదిహేనిరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని ఇంటికి వచ్చింది. పక్కనున్న చిన్న పట్టణంలో తండాను కలపబోతున్నారని వాళ్లకు తెలిసింది.

"బిడ్డా, మమ్ముల మున్సిపాలిటీల కలుపుతున్నరట. కలిపితె కరువు పని బంద్ అయితదట," అంది. ఉపాధి హామీ పనిని అక్కడ కరువు పని అంటారు. అది పల్లెలకే తప్ప పట్టణాలకు లేదు. ఎండాకాలం ఆ ఆడవాళ్లకు అదొక్కటే ఆధారం.

ఆయన అలవాటు ప్రకారం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "అయితది యాడీ, పో."

"అయితె వద్దని గద బిడ్డా మేం వచ్చింది!"

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఆయన నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చివరికి, ఎవరో కొత్త కూర వడ్డిస్తే నాలుకతో రుచి చూసినట్టు, మెల్లగా అన్నాడు: "కాదు. కానియ్య."

"పక్కానా?"

"పక్కా."

"మా తండాకు బస్సు రాదు. నల్లా లేదు. దవాఖానకు పోవాల్నంటె ఆటో దొరకది. మేం ఏ తీరుగ పట్నమోళ్లం బిడ్డా?"

"కానియ్యనన్న గద యాడీ."

ఆయన నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదటిసారి. నిజంగానే అన్నాడు. నాకు ఆ సంగతిలో ఇప్పటికీ అనుమానం లేదు.

సమావేశాలు వచ్చాయి. మునిసిపాలిటీల చట్టానికి సవరణ బిల్లు ఒక మధ్యాహ్నం, భోజనాల తర్వాత, ఇంకో మూడు బిల్లులతో కలిసి వచ్చింది. ప్రతిపక్షం వేరే ఏదో సంగతి మీద పొద్దున్నే వాకౌట్ చేసింది. మంత్రి బిల్లు పెట్టారు. తండా పేరు ఎక్కడా వినిపించలేదు. అది బిల్లు చివరి అనుసూచిలో, సన్న అక్షరాల్లో, ఇంకెన్నో పల్లెల పేర్ల కింద ఉంది; నేనూ తర్వాతే చూశాను. "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి," అన్నారు స్పీకర్. అవును అన్నారు. "వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి." ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. బిల్లు ఆమోదం పొందింది.

మా ఎమ్మెల్యే రెండు చేతులతో బల్ల చరిచాడు. ఆ వరుసలో చాలామంది భోజనం నుంచి ఇంకా రాలేదు. కెమెరాకు చూపించడానికి ఇంకెవరూ లేక ఆయన మీదే చాలాసేపు నిలబడింది.

సాయంత్రం లాబీలోకి హుషారుగా వచ్చాడు. "ఇయ్యాల సభ మంచిగ నడిచింది తమ్మీ. లొల్లి లేదు, ఏం లేదు."

"అన్నా, తండా బిల్లు గిప్పుడే పాసైంది."

"ఏది?"

"రెండోది."

"రెండోది..." అని ఆగాడు. "దానికే గద నేను గట్టిగ..." మాట పూర్తి చేయలేదు. కారెక్కాడు. జనగామలో టీకి కూడా ఆపమనలేదు.

మేము ఇల్లు చేరేసరికి ఆ వీడియో తండాలో అందరి ఫోన్లలో ఉంది. నేను వద్దంటున్నా ఆయన మరునాడే తండాకు పోయాడు. తిడతారనుకున్నాను, రాళ్లు వేస్తారేమో అని కూడా అనుకున్నాను. సక్రి ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టారు. నీళ్లిచ్చారు. సక్రి ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టింది.

"ఇది నువ్వేనా?"

"నేనే."

"చేతులు నీయేనా?"

"నాయే."

"వద్దంటివి గద?"

"వద్దనే అనుకున్న యాడీ. గది మీ బిల్లని నాకు తెల్వదు. అందరు అవునంటే కొట్టిన."

 పక్కన బీడీ కాలుస్తున్న ముసలాయన అడిగాడు. "తెల్సే కొట్టినవనుకున్నం సారూ. ఏదో పెద్ద మతలబు ఉంటదనుకున్నం. తెల్వకనే కొట్టినవా?"

ఆయన ద్రోహి అయివుంటే వాళ్లు ఓర్చుకునేవారే. ఆ ముసలాయన గొంతులో ఉన్నది కోపం కాదు. ఇంతేనా అన్న నిరాశ. ఎమ్మెల్యే సాబ్ తల వంచుకుని లేచాడు.

మరునాడు పొద్దున నన్ను పిలిచి, "గా బిల్లు పుస్తకం దేవులాడు," అన్నాడు. అక్క కారం డబ్బా కింద నుంచి తీసిచ్చింది. అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, పొద్దంతా చదివాడు. "అందలి ఉపప్రకరణంలో 'మరియు' అను పదమునకు బదులుగా 'లేక' అను పదము ఉంచబడును" అన్న చోట ఆగి నన్ను అడిగాడు.

"గీ 'మరియు' తీసేస్తె కరువు పని పోతదా?"

"ఇది వేరే సంగతన్నా. తండా పేరు చివర్ల ఉన్నది."

చివరికి పోయాడు. పేరు దొరికింది. దాని మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. "గింత చిన్నగ రాసిన్రేందిరా," అన్నాడు. నన్ను ఆయన రా అన్నది ఆ ఒక్కసారే.

సభ మళ్లీ కూడిన రోజు జీరో అవర్‌లో ఆయన లేచి నిలబడ్డాడు. నేను లాబీలో టీవీ ముందు ఉన్నాను. స్పీకర్ ముందు గుర్తించలేదు. ఆయన బయటకు పోవడానికి లేచాడనుకున్నట్టున్నారు. చెయ్యెత్తితే గాని తెలియలేదు. "గౌరవ సభ్యులు... మాట్లాడతారా?" అన్నారు. మైకు వెలిగింది. నేను రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంది. ఆయన దాన్ని తీయలేదు.

"అధ్యక్షా, మొన్న నేను బల్ల చరిచిన. తెల్వక చరిచిన. గది వాపస్ తీసుకుంటున్న."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సభ మొత్తం నవ్వింది. అధికార పక్షం, ప్రతిపక్షం, అధికారుల గ్యాలరీ, అందరూ. ఆ సమావేశాల్లో రెండు పక్షాలు కలిసి చేసిన పని అదొక్కటే.  ఆ నవ్వుకు భయపడే కదా ఆయన ఇన్నేళ్లూ నోరు విప్పనిది. కానీ ఆయన కూర్చోలేదు. చెమట తుడుచుకుంటూ, నవ్వు తగ్గేదాకా నిలబడే ఉన్నాడు.

స్పీకర్ కూడా నవ్వు ఆపుకుంటూ అన్నారు. "గౌరవ సభ్యులు చరిచిన బల్లను ఉపసంహరించుకోవడానికి నిబంధనల్లో వీలు లేదు. దయచేసి కూర్చోండి."

"నిబంధన లేకుంటె ఒకటి పెట్టున్రి అధ్యక్షా. చానమందికి పనికొస్తది."

అక్కడ మైకు ఆగింది. ఆయన పెదాలు ఇంకా కదులుతున్నాయి. తండా పేరు చెబుతున్నాడని నాకు తెలుసు. సభ గౌరవానికి భంగమంటూ ఆ మాటల్ని రికార్డుల నుంచి తొలగించారు.

ఆ సాయంత్రం పార్టీ విప్ పిలిపించాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఎవరు రాసిచ్చిన్రు నీకు? నిజం చెప్పు. అవతలోళ్లా?"

"ఎవ్వలు రాసియ్యలే. గందుకే గింత చిన్నగ ఉన్నది."

బయటకు వచ్చి, "టికెట్ గోవిందా తమ్మీ," అన్నాడు. అని నవ్వాడు. తిరుగు దారిలో జనగామలో ఆపించి మటన్ తిన్నాడు, తండాకు పోయివచ్చిన రోజు నుంచి సరిగ్గా తిననిదంతా కలిపి.

టికెట్ రాలేదు. నేను భూపాలపల్లికి బదిలీ అయ్యాను. ఆయన మాత్రం అసెంబ్లీని వదల్లేదు. మాజీ సభ్యులకు లాబీలోకి పాసు ఉంటుంది. సమావేశాలు జరిగినన్ని రోజులూ పొద్దున్నే పోయి కూర్చుని, వచ్చిన ప్రతి ఎమ్మెల్యేనూ పట్టుకుని అడిగేవాడు: "ఇయ్యాల్టి బిల్లు చదివినవా?" ఆయన్ని చూస్తే కొందరు మోగని ఫోన్ చెవికి పెట్టుకునేవారు, కొందరు బాత్రూంలోకి పోయేవారు. ఒక కుర్ర ఎమ్మెల్యే మాత్రం వినయంగా, "పార్టీ చదివింది అన్నా. మళ్ల నేనెందుకు?" అన్నాడట. అది నాకు ఫోన్‌లో చెబుతూ, "నా లెక్కనే ఉన్నడు పోరడు. మంచోడు," అన్నాడు.

ఆయన పోరు పడలేకో, ఇంకెవరో పెద్దవాళ్ల పల్లెలు కూడా చిక్కుకుపోవడం వల్లనో, కొన్ని ఊళ్లను పట్టణాల నుంచి తీసేస్తూ మళ్లీ సవరణ వచ్చింది. అందులో మా తండా పేరూ ఉంది. ఆయన ఈసారి ముందే చదివాడు. చదివి నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, పేరు మనదే. మండలం మీది."

అదే పేరుతో మొగుళ్లపల్లి దిక్కున ఇంకో తండా ఉంది. అది ఎన్నడూ ఏ పట్టణంలోనూ కలవలేదు. బిల్లు దాన్ని పట్టణం నుంచి విడదీసింది. అది తప్పని ఆయన పోయి చెప్పేలోపే ఆమోదం కూడా అయిపోయింది.

మరుసటి వారం ఆయన ఆర్టీసీ బస్సులో భూపాలపల్లి వచ్చాడు. గంజి చొక్కా నలిగిపోయి ఉంది. నన్ను వెంటబెట్టుకుని ఆ తండాకు తీసుకుపోయాడు. తాము ఎన్నడూ పట్టణంలో లేమని వాళ్లతో ఒక మాట రాయించుకోవాలని ఆయన ఆలోచన. తండా పెద్దమనిషి పత్తి చేలోంచి వచ్చి అంతా ఓపిగ్గా విన్నాడు.

"అంటె సారూ, మమ్ముల ఇడదీసిన్రా?"

"ఇడదీసిన్రు."

"ఎప్పుడు కలిపిన్రు?"

"కలపలే."

పెద్దమనిషి చేతికంటిన పత్తి దులుపుకున్నాడు. "మరి ఇప్పుడు మేం ఏడున్నట్టు?"

మా ఎమ్మెల్యే సాబ్ నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. "అయితది..." అనబోయి ఆగాడు. "నాకు తెల్వదు నాయినా. తెల్సుకోని మళ్లొచ్చి చెప్త," అన్నాడు.

నిజంగానే మళ్లీ వచ్చి చెప్పాడు. అది కూడా బస్సులోనే.

సవరణలో తప్పు దిద్దడానికి ఇంకో సవరణ కావాలన్నారు. దాని కోసం సక్రితో, తండావాళ్లతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అది సభలోకి రాకముందే, ఒక రోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. తర్వాత తండావాళ్లే పట్నం, అంటే హైదరాబాద్, పోయారు. నేనూ సెలవు పెట్టి ఒకసారి వెంట పోయాను. సవరణకు సవరణ వచ్చింది, ఎవరూ మాట్లాడకుండానే పాసైంది. ఇప్పుడు తండా మళ్లీ పల్లె. మొన్న ఎండాకాలం ఆడవాళ్లు చెరువు పూడిక తీసే పనికి పోయారు.

అంత్యక్రియల నాటి సంగతి చెప్పి ముగిస్తాను.

వాకిట్లో షామియానా వేశారు. పార్టీ నాయకులు వచ్చారు, దండలు వేశారు, ఫొటోలు దిగారు, పోయారు. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే ఒకాయన, "మహావక్త," అని టీవీ వాళ్లకు చెబుతుంటే అక్క విని ముఖం అటు తిప్పుకుంది. ఎండ ముదిరాక ట్రాక్టర్ వచ్చి ఆగింది. తండా ఆడవాళ్లు దిగారు. సక్రి కర్ర ఆనించుకుంటూ జనాన్ని తోసుకుని వచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూలబడి, ముఖం మీదికి కొంగు లాక్కుంది. వాళ్ల భాషలో రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. గొంతు పైకి పోతోంది, విరుగుతోంది, మళ్లీ లేస్తోంది. ఆడవాళ్లంతా ఆమె భుజాలు పట్టుకుని కలిశారు. పొద్దున్నుంచి ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ ఏడవలేదు.

అక్కకు ఆ భాష రాదు. కళ్లు తుడుచుకుని నన్ను అడిగింది. "ఏమంటున్నది తమ్మీ? పుణ్యాత్ముడంటున్నదా?"

నా పక్కన తండా అమ్మాయి ఒకామె నిలబడి ఉంటే ఆమెను అడిగాను. ఆమె చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"తిడుతున్నది సార్."

"ఏమని?"

"సోమారం పట్నం పోదమని చెప్పి, ఇప్పుడు ఒక్కనివే ఎటు పోతున్నవ్ అని. మాట మీద నిలవడవా అని. లెవ్వు, రైలు పోతది, లెవ్వు అని."

ఆ మాటలే అక్కకు చెప్పాను. అక్క సక్రి వైపు తిరిగింది. తర్వాత తాను కూర్చున్న చోటు నుంచి పక్కకు జరిగి, సక్రి చెయ్యి పట్టి లేపి, ఆయన తల దగ్గర కూర్చోబెట్టింది.

"ఇంకింత గట్టిగ తిట్టు యాడీ," అంది. "లేస్తడేమో."